ఇంట్ల రూములు రోజువారీ కిరాయికిస్తే ఏమేం కట్టాలె? మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లల్ల సగానికి ఎక్కువ ఒక్క ముచ్చట మీదనే ఉన్నయి. ఇంట్ల ఖాళీగున్న రూములు ఒక రోజుకో రెండు రోజులకో కిరాయికిస్తున్నం, ఏ ఆఫీసుకు పోవాలె, ఏం పన్ను కట్టాలె అని. గుట్ట గుడి 2022 మార్చి 28న మళ్ల తెరిచినప్పటి సంది యాదగిరిగుట్టల శని, ఆదివారాలు రూము దొరుకుడే గగనమైంది, సాగర్ల గేట్లు ఎత్తిండ్రంటే హైదరాబాద్ కార్లన్నీ అటే మళ్లుతయి, సోమశిల సంగతి చెప్పే పనే లేదు. మన ఇంటికి నాలుగు పైసలు వచ్చే దారి ఇది, నాకు సంతోషమే. కాకపోతే కాయితాలు సరిగ్గ లేక సంపాదించినదంతా జరిమానాకు పోవద్దని ఈ పేజీ మొత్తం దీనికే ఇచ్చిన.

ప్రశ్న: సార్, మాది యాదగిరిగుట్ట. కింద మేముంటం, మీద మూడు రూములు భక్తులకు ఇస్తం, రూముకు 1200. మొన్న మున్సిపాలిటీ బిల్ కలెక్టర్ వచ్చి మీద పోర్షన్ కొలతలు తీసుకొని, దీన్ని కమర్షియల్ చేస్తం అన్నడు. మా ఆయన ఏమో చుట్టాలు వచ్చిండ్రని చెప్పు అంటడు. మేము ఉండే ఇల్లు కమర్షియల్ ఎట్లయితది?
– ఒక గృహిణి, యాదగిరిగుట్ట

జవాబు: అమ్మా, చుట్టాలని మాత్రం చెప్పకండి. మీ రూముల ఫొటోలు, రేటు, ఫోన్ నంబరు యాప్‌ల ఉన్నయి, గోడ మీద బోర్డు ఉన్నది, ప్రతి శనివారం కొత్త కారు ఆగుతది, అసొంటప్పుడు చుట్టాలంటే ఎవరూ నమ్మరు సరికదా రేపు నిజంగ మీకు ఏదన్న అన్యాయం జరిగితే కూడ మీ మాటకు విలువ ఉండదు.

మీరు ఉండే కింది ఇల్లు ఇల్లే, దానికి నివాసం రేటే. మీద పైసలు తీసుకొని రోజువారీగ ఇచ్చే పోర్షన్ మాత్రం వ్యాపారం కింద లెక్క, దానికి నాన్-రెసిడెన్షియల్ రేటు పడుతది, అది ఎక్కువనే ఉంటది. ఇక్కడ మీరు చూసుకోవాల్సింది ఒకటే, మొత్తం ఇంటిని కమర్షియల్ చెయ్యకుండ మీద ఎన్ని గజాలున్నదో అంతకే ఆ రేటు వేసిండ్రా లేదా అని. డిమాండ్ నోటీసు చేతికి వచ్చినంక సంతకం పెట్టి పక్కకు పెట్టకుండ ఏ ఫ్లోరు, ఎన్ని గజాలు, ఏ వాడకం అని ఒక్కొక్క లైను చదవండి, మెట్లు, వరండా గూడ అటు కలిపిండ్రేమో చూడండి, తప్పుంటే కమిషనర్ పేరు మీద అర్జీ రాసి రశీదు తీసుకోండి. ఇంటి పన్ను ఆరు నెలలకోసారి, మొదటిది జూన్ 30 లోపు, రెండోది డిసెంబర్ 31 లోపు, ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ. ఏప్రిల్‌ల ఏడాది పన్ను మొత్తం ఒకేసారి కడితే 5 శాతం తగ్గింపు ఇస్తున్నరు, అది మాత్రం వదులుకోకండి.

రెండోది ట్రేడ్ లైసెన్సు. లాడ్జిలకే గదా అని చాలామంది అనుకుంటరు గని వసతి ఇచ్చే వ్యాపారం చిన్నదైనా పెద్దదైనా ఇది కావాలె, ఏడాదికోసారి రెన్యువల్ చేయించాలె, మీ ముందట రోడ్డు ఎంత వెడల్పు, మీ జాగ ఎన్ని చదరపు అడుగులు అనేదాన్ని బట్టి ఫీజు ఉంటది. మూడు రూములకు అదేమంత పెద్ద లెక్క కాదు.

మూడోది కరెంటు, నాకు అన్నిటికంటే ఎక్కువ భయం దీంతోనే, ఎందుకంటే మీ ఉత్తరంల దీని మాటే లేదు. మీ ఇంటి మీటరు డొమెస్టిక్, అంటే కేటగిరీ-1. దాని మీదనే మీద రూముల ఏసీలు, గీజర్లు నడుస్తున్నయి. 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 126 ప్రకారం ఒక పనికని తీసుకున్న కరెంటును వేరే పనికి వాడితే అది అనధికార వాడకం, దొరికిన రోజు ఎప్పటి నుంచి వాడిండ్రో తేలకపోతే వెనకకు 12 నెలల లెక్క కట్టి, అదీ వర్తించే రేటుకు రెండింతలు వసూలు చేస్తరు. పైంగ మీకు గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వస్తుంటే ఇంకా చిక్కు, పేదోళ్ల ఇండ్లకని 2024 మార్చి నుంచి సర్కారు ఇస్తున్న కరెంటు అది, దాంతోని రూములు నడుపుడు న్యాయం కాదు. కాబట్టి ఏఈ ఆఫీసుకు పోయి మీద పోర్షన్‌కు వేరే సర్వీసు, వ్యాపారాలకిచ్చే కేటగిరీ-2 కింద, అడగండి. వైరింగ్ గూడ వేరు చేయించండి. కింద ఇంటి మీటరు ఇంటికే ఉంటది. ఖర్చు అయితది, నిజమే, కని 12 నెలలకు డబల్ బిల్లు వచ్చిందంటే మీ కార్తీక మాసం సంపాదనంతా ఒక్క నోటీసుల కొట్టుకపోతది.

ప్రశ్న: అన్నా, నేను మహబూబ్‌నగర్ల నాలుగు రూములు యాప్‌ల పెట్టిన, రోజుకు 1500. నెలకు సుమారు 40 బుకింగులు అయితయి. 20 లక్షల లోపు జీఎస్టీ లేదని మా దోస్తు చెప్పిండు, మరి గెస్టుకు వచ్చిన బిల్లుల జీఎస్టీ ఎందుకు వేసిండ్రు? ఆ పైసలు నాకెందుకు రావు? నా దాంట్ల నుంచి టీడీఎస్ అని ఇంకింత కట్ చేసిండ్రు, అదేంది?
– ఒక యువకుడు, మహబూబ్‌నగర్

జవాబు: తమ్ముడూ, మీ దోస్తు చెప్పింది సగం కరెక్టు. సేవల వ్యాపారంల ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాక మన రాష్ట్రంల జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర లేదు. కని చట్టంల సెక్షన్ 9(5) అని ఒకటున్నది, రూము యాప్ ద్వారా బుక్ అయ్యి, రూము ఓనరుకు రిజిస్ట్రేషన్ అవసరం లేని స్థాయి అయితే ఆ పన్ను యాప్ కంపెనీయే గెస్టు దగ్గర వసూలు చేసి సర్కారుకు కట్టాలె. గెస్టు బిల్లుల కనిపించింది అదే. అది మీ పైసలు కావు, కంపెనీ పైసలు గూడ కావు. ఇదివరకు 12 శాతం ఉండె, 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7500 లోపు రూములకు 5 శాతం అయింది, అంటే మీ 1500 రూముకు 75 రూపాయలు. 7500 దాటితే 18 శాతం. వెయ్యి లోపు రూముకు పన్నే లేదని ఇప్పటికీ కొందరు అంటున్నరు, అది 2022 జూలై దాకా నడిచిన లెక్క, ఇప్పుడు లేదు. ఎవరన్న నేరుగ ఫోన్ చేసి వస్తే, మీకు రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి మీరు జీఎస్టీ తీసుకోవద్దు, బిల్లు మీద ఆ పేరు గూడ రాయొద్దు.

ఇక్కడ ఒక గుంత ఉన్నది, చూసుకొని నడువాలె. ఆ 20 లక్షలు రూముల మీద వచ్చినదే కాదు, మీ పాన్ మీద నడిచే అన్ని వ్యాపారాలు కలిపి. మీ పేరు మీదనే ఒక ఎరువుల దుకాణమో కిరాణమో ఉండి అది 18 లక్షలు చేస్తే, మీ రూములది నెలకు 60 వేల చొప్పున 7 లక్షల 20 వేలు కలిస్తే 20 దాటిపాయె. అప్పుడు రిజిస్ట్రేషన్ మీదనే, రూముల పన్ను గూడ మీరే కట్టాలె, మంచాలకు, ఏసీలకు కట్టిన జీఎస్టీ వెనకకు తీసుకుంటం అంటే ఆ 5 శాతం రేటుల అది కుదరదు.

ఇగ టీడీఎస్, అంటే పైసలు మీ చేతికి రాకముందే పట్టుకునే ఇన్‌కమ్ ట్యాక్స్. యాప్ ద్వారా అయిన మీ బుకింగుల మొత్తం మీద 0.1 శాతం కట్ చేస్తరు, 2024 అక్టోబర్ ముందు ఇది 1 శాతం ఉండె. పాన్ ఇచ్చిన మామూలు వ్యక్తికి ఏడాదికి 5 లక్షలు దాటకపోతే కట్ చెయ్యరు, మీది దాటుతది కాబట్టి కట్ అయింది. 7 లక్షల 20 వేల మీద 720 రూపాయలు, రిటర్న్ వేస్తే మీ లెక్కల జమ అయితది. పాన్ ఇవ్వకపోతే మాత్రం 5 శాతం, అంటే 36 వేలు! యాప్ అకౌంటుల పాన్ సరిగ్గ ఎక్కిందా లేదా ఇయ్యాలనే చూడండి, పేరుల ఒక్క అక్షరం తేడా ఉన్నా తర్వాత తిప్పలు మీకే.

ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌ల దీన్ని ఇంటి కిరాయి కింద చూపెట్టి 30 శాతం తగ్గింపు తీసుకుంటం అని కొందరు అంటరు. నెలవారీ కిరాయికి ఉన్న కుటుంబం వేరు, రోజూ దుప్పట్లు మార్చి, ఊడ్చి, తాళం చేతులు మార్చే పని వేరు, ఇది సాధారణంగ వ్యాపార ఆదాయం కిందనే వస్తది. చిన్నోళ్లకు ప్రిజంప్టివ్ పద్ధతి ఉన్నది, బ్యాంకు, యూపీఐల వచ్చిన దాంట్ల కనీసం 6 శాతం, నగదుల వచ్చిన దాంట్ల 8 శాతం లాభం అని చూపెట్టాలె, ఆ పైన పెద్ద ఖాతా పుస్తకాలు అక్కరలేదు.

ప్రశ్న: సార్, మాది నాగార్జునసాగర్, హిల్ కాలనీ. బుద్ధవనం చూసుడానికి విదేశీయులు వస్తున్నరు, మొన్న ఇద్దరు భిక్షువులు మా దగ్గర ఒక రాత్రి ఉన్నరు. పాస్‌పోర్ట్ జిరాక్స్ తీసుకొని పెట్టిన. పోలీసోళ్లకు చెప్పాల్నా?
– ఒక హోమ్‌స్టే నడిపే అన్న, నందికొండ మున్సిపాలిటీ

జవాబు: చెప్పాలె, తప్పకుండ చెప్పాలె, అదీ వాళ్లు దిగిన 24 గంటల లోపు. జిరాక్స్ ఇంట్ల పెట్టుకుంటే చెప్పినట్టు కాదు. విదేశీయునికి ఒక్క రాత్రి వసతి ఇచ్చినా, పైసలు తీసుకున్నా తీసుకోకపోయినా, ఆన్‌లైన్‌ల వివరాలు పంపాలె, దాన్ని అందరూ ఇప్పటికీ ఫారం-సి అనే పిలుస్తరు. 2025 సెప్టెంబర్ 1 నుంచి ఇమ్మిగ్రేషన్, విదేశీయుల కొత్త చట్టం వచ్చింది, పాత చట్టాలన్నీ తీసేసి వసతి ఇచ్చేవాళ్ల మీద ఈ బాధ్యతను దాంట్ల గూడ రాసిండ్రు. ముందుగాల మీ ఇంటి పేరుతోని పోర్టల్ల రిజిస్టర్ అయ్యి లాగిన్ తెచ్చుకోవాలె, జిల్లాల ఎస్పీ ఆఫీసే దీనికి చూసేది, నల్గొండ పోయి ఒకసారి అడిగి వస్తే పని అయితది. ఆ తర్వాత గెస్టు రాంగనే పాస్‌పోర్ట్ నంబరు, వీసా నంబరు, వీసా ఎప్పటిదాక ఉన్నది, ఇండియాకు ఎప్పుడు వచ్చిండు, మీ దగ్గరికి ఎక్కడి నుంచి వచ్చిండు, ఇక్కడి నుంచి ఎక్కడికి పోతడు, ఇవి అడిగి ఎక్కించాలె. సాగర్ల రాత్రి పూట నెట్ సతాయిస్తది గద, పొద్దుగూకంగ వచ్చిన గెస్టుది తెల్లారి దాక ఆగకుండ అప్పుడే ఫోన్ల ఫొటో తీసి పెట్టుకోండి, పాస్‌పోర్ట్ మాత్రం అక్కడికక్కడ చేతికిచ్చెయ్యండి, తాకట్టు పెట్టుకున్నట్టు మీ దగ్గర ఉంచుకోవద్దు.

ఇంకో మాట గూడ. మీరు ఉండేది ప్రాజెక్టు క్వార్టర్ అయి, మీ పేరు మీద పట్టా కాకుండ అలాట్‌మెంటే అయితే, దాన్ని రోజు కిరాయికి ఇచ్చే హక్కు మీకు లేదు. ముందుగాల ఆ కాయితం తీసి చూడండి.

ప్రశ్న: సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డుకు మాకు రెండెకరాలున్నది. అరెకరంల టెంట్లు, రెండు చిన్న కాటేజీలు వేద్దామని. పంచాయితీ సెక్రటరీకి చెప్తే సరిపోతదా?
– ఒక రైతు, కొల్లాపూర్ మండలం

జవాబు: పెద్దన్నా, సరిపోదు. అది వ్యవసాయ భూమి. దాంట్ల కాటేజీ కట్టి పైసలు తీసుకుంటే భూమి వాడకం మారినట్టే, అందుకని ఆ అరెకరానికి నాలా కన్వర్షన్, అంటే వ్యవసాయేతర భూమిగ మార్పిడి, కావాలె, ఇప్పుడు అది సర్కారు భూముల పోర్టల్ భూభారతిల అప్లై చేసి చేయించుకోవాలె. అది అయినంక పంచాయితీ నుంచి కట్టడానికి పర్మిషన్, వ్యాపారానికి లైసెన్సు. మార్చిన అరెకరానికి రైతు భరోసా రాదు, అది ముందే తెలుసుకొని దిగండి. రెండెకరాలూ మార్చే పని పెట్టుకోకండి, ఎంత కావాల్నో అంతే మార్చండి, మిగిలింది చేనుగనే ఉండనీయండి.

ఇంతకంటే పెద్ద ముచ్చట, మీ భూమి ఎక్కడిదాక ఉన్నది? మీ ఒడ్డుకు ఉన్నది శ్రీశైలం రిజర్వాయర్ నీళ్లే, దాని పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఎండాకాలం నీళ్లు వెనుకకు పోతే కనబడే ఒడ్డు మస్తు సక్కగుంటది, టెంట్ వేస్తే ఫొటో బాగొస్తది, కని అది ప్రాజెక్టు కింద సేకరించిన జాగ, ఎవరి పట్టా కాదు. ముంపుల భూములు పోయిన ఊళ్లు మనయి, మీకు చెప్పే పనిలేదు. సర్వేయర్‌ను పిలిపించి హద్దు రాళ్లు పాతించుకున్నంకనే ఒక్క రూపాయి ఖర్చు పెట్టండి. సోమశిలకు కేంద్రం పైసలతోని పెద్ద టూరిజం ప్రాజెక్టు మంజూరైంది, రేపు అధికారులు కొలతలకు వచ్చినప్పుడు హద్దుల లేని కాటేజీలే ముందుగాల పోతయి.

ఇదే పని మన్ననూరు, అమ్రాబాద్ దిక్కు చేద్దామనేవాళ్లకు గూడ చెప్తున్న, టైగర్ రిజర్వ్ చుట్టుపక్కల అయితే పైన చెప్పినవాటితో పాటు అటవీ శాఖ దగ్గర రాతపూర్వకంగ అడగకుండ గుంత గూడ తవ్వకండి. గెస్టులకు శ్రీశైలం రోడ్డు అడవిల రాత్రి 9 నుంచి పొద్దున 6 దాక బండ్లు పోనియ్యరని బుకింగ్ అప్పుడే చెప్పండి, పిల్లలతోని వచ్చినోళ్లు చెక్‌పోస్ట్ దగ్గర చిక్కుకుంటే చాన తిప్పలు.

ప్రశ్న: నల్గొండల ఒక ఫ్లాట్ నెల కిరాయికి తీసుకొని దాన్ని రోజువారీ ఇస్తే లాభమని యూట్యూబ్‌ల చెప్తున్నరు. ఓనర్‌కు చెప్పకుండ చెయ్యొచ్చా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: వద్దు. మీ 11 నెలల అగ్రిమెంటుల సబ్‌లెట్ చెయ్యరాదని ఒక లైను సాధారణంగ ఉంటది, తీసి చదవండి. ఓనరు రాసివ్వాలె, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒప్పుకోవాలె. పక్క ఫ్లాటుల ముసలోళ్లుంటరు, పరీక్షలకు చదివే పిల్లలుంటరు, రాత్రి రెండింటికి కొత్త మనుషులు బెల్లు కొడితే వాళ్లకెట్లుంటదో మీరే ఆలోచించండి.

ప్రశ్న: మా అల్లుడు న్యూయార్క్‌ల ఉంటడు. అక్కడ ఇట్ల రూములు ఇచ్చుడు బంద్ చేసిండ్రు, ఇక్కడ గూడ చేస్తరు, ఇల్లు మీద పైసలు పెట్టకు అంటున్నడు. నిజమేనా?
– ఒక రిటైర్డ్ టీచర్, మిర్యాలగూడ

జవాబు: సార్, అక్కడ పూర్తిగ బంద్ కాలేదు గని బంద్ అయినంత పనైంది. 2023 సెప్టెంబర్ 5 నుంచి అక్కడ లోకల్ లా 18 గట్టిగ అమలు చేస్తున్నరు, 30 రోజుల కంటే తక్కువకు ఇయ్యాలంటే సిటీ దగ్గర రిజిస్టర్ కావాలె, గెస్టులు ఇద్దరే ఉండాలె, ఓనరు అదే ఇంట్ల ఉండాలె. అక్కడ ఉండేటోళ్లకే కిరాయికి ఇండ్లు దొరకక ఆ పని చేసిండ్రు. మన కష్టం అది కాదు, మిర్యాలగూడల ఇండ్లు లేక కాదు గద. మన దేశంల గోవ లాంటి చోట టూరిజం శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి, మనకు గూడ నిబంధనలు ఇంకా గట్టిపడొచ్చు, పడ్డా ఇప్పుడే కాయితాలు సరి చేసుకున్నోళ్లకు ఏ ఢోకా లేదు. అల్లుడు చెప్పిండని ఆగకండి.

ప్రశ్న: పెండ్లి కాని జంట వచ్చి రూము అడిగితే ఇయ్యొచ్చా? పోలీసులు కేసు పెడతరా? ఆధార్ జిరాక్స్ ఎంతమందిది తీసుకోవాలె?
– ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: ఇద్దరూ 18 ఏండ్లు నిండినోళ్లయి, ఇద్దరి గుర్తింపు కార్డులు ఉంటే ఇచ్చుడు నేరం కాదు. పెండ్లి కాని జంట హోటల్ రూముల ఉండొద్దని ఏ చట్టమూ లేదని 2019ల మద్రాస్ హైకోర్టు గూడ చెప్పింది. మీ ఇంటి పద్ధతి ప్రకారం ఇయ్యను అనుకుంటే ఆ మాట యాప్‌ల ముందే రాయండి, రాత్రిపూట వాకిట్లకు వచ్చినంక ఆడపిల్లను వాపస్ పంపుడు మంచిది కాదు. 18 లోపు పిల్లలు పెద్దోళ్లు లేకుండ వస్తే మాత్రం ఇయ్యకండి, అనుమానంగ ఉంటే 1098కి ఫోన్ చెయ్యండి.

రిజిస్టర్ల రూముల ఉండే పెద్దోళ్లందరి పేర్లూ రాయాలె, ఒక్కరిది తీసుకొని మిగతా ముగ్గురిని వదిలేస్తే రేపు ఏదన్న అయితే ఆ ముగ్గురెవరో మీరు చెప్పలేరు. పేరు, ఊరు, ఫోన్, బండి నంబరు, వచ్చిన టైము, పోయిన టైము, సంతకం. ఆధార్‌కు బదులు ఓటర్ కార్డో డ్రైవింగ్ లైసెన్సో ఇస్తే గూడ తీసుకోండి, ఆధారే ఇస్తే మొదటి 8 అంకెలు దాచిన మాస్క్‌డ్ ఆధార్ చాలు. ఆ జిరాక్సులు తాళం వేసి పెట్టండి, పాత కాయితాలల్ల కలిపి మిర్చీ బజ్జీల బండికి అమ్మకండి, అవి మిమ్మల్ని నమ్మి ఇచ్చిన కాయితాలు.

ప్రశ్న: మా ఆయన పోయినంక పెద్ద ఇంట్ల నేను, మా బిడ్డ ఉంటున్నం. అలంపూర్ జోగులాంబ గుడికి వచ్చేవాళ్లకు రెండు రూములు ఇద్దామని ఉన్నది, పొద్దున జొన్నరొట్టె, కూర గూడ పెడదామని. సర్కారు గుర్తింపు ఏదన్న ఉంటదా, లోన్ వస్తదా?
– ఒక పాఠకురాలు, జోగులాంబ గద్వాల జిల్లా

జవాబు: అక్కా, మీ అసొంటోళ్ల కోసమే కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్, హోమ్‌స్టే పథకం ఉన్నది. ఒక రూము నుంచి ఆరు రూముల దాక, పన్నెండు మంచాలు మించకుండ, ఇంటోళ్లు అదే ఇంట్ల ఉండాలె, ఇది మొదటి షరతు, మీకు సరిపోతది. వచ్చి చూసి గోల్డ్, సిల్వర్ అని రెండు తరగతుల్ల గుర్తింపు ఇస్తరు, ఆ శాఖ నిధి పోర్టల్ల అప్లై చెయ్యాలె. ఇది తప్పనిసరి కాదు గని ఒంటరి ఆడవాళ్లు నడిపే ఇంటికి ఆ సర్టిఫికెట్ గోడకుంటే వచ్చేటోళ్లకు, చుట్టుపక్కలోళ్లకు గూడ ఒక నమ్మకం. అది ఉన్నంత మాత్రాన పైన చెప్పిన లైసెన్సు, కరెంటు మినహాయింపు అనుకోకండి.

లోన్‌కు 2025 బడ్జెట్‌ల హోమ్‌స్టేలకు ముద్ర లోన్లు ఇస్తమని ప్రకటించిండ్రు, తాకట్టు లేకుండ ఇచ్చే లోన్ అది. బ్యాంకుకు పోయేటప్పుడు ఇంటి కాయితం మీ పేరు మీదికి మారిందా చూసుకోండి, మీ ఆయన పేరు మీదనే ఉంటే ముందుగాల మ్యుటేషన్ చేయించండి, లేకుంటే లైసెన్సు, మీటరు, లోన్ అన్నీ అక్కడనే ఆగుతయి. బిడ్డ పేరు గూడ కాయితాలల్ల ఉండాల్నా వద్దా అనేది మంచి వకీలును అడిగి చెయ్యండి.

రొట్టె, కూర పెడుతున్నరు కాబట్టి ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ గూడ తీసుకోండి, చిన్నోళ్లకు తక్కువ ఫీజే, ఆన్‌లైన్‌లనే అయితది. గ్యాస్ విషయం జర జాగ్రత్త, 500కు వచ్చే సిలిండర్ మీ ఇంటి వంటకే, గెస్టుల వంట దాని మీద చెయ్యకూడదు. వాళ్ల కోసం 19 కిలోల కమర్షియల్ సిలిండర్ వేరే కనెక్షన్ తీసుకొని, ఆ ఖర్చు రొట్టె రేటుల కలుపుకోండి. వచ్చేటోళ్లు ఆ ధర ఇయ్యడానికి వెనకాడరు, మన దిక్కు జొన్నరొట్టె కోసమే వచ్చేటోళ్లు చానమంది ఉన్నరు.